పెరట్లోకి కట్టెల స్టవ్వా, బొగ్గు కూడా వేసుకునేదా?

గుంటూరులో పెరట్లో వేన్నీళ్లకీ పండగ వంటలకీ ఏ స్టవ్ కొనాలని అడిగారు. తేడా అంతా అడుగున ఉంది. కట్టె బూడిద పరుపు మీదే బాగా మండుతుంది, గాలి పైనుంచి అందినా చాలు. బొగ్గుకి మాత్రం కింది నుంచి గాలి తగలాలి. అందుకే కట్టె, బొగ్గు రెండూ వేసుకునే మల్టీఫ్యూయల్ స్టవ్‌లో ఇనప జల్లెడ, దాని కింద బూడిద సొరుగు ఉంటాయి.

మన వైపు సుబాబుల్ కట్టె, పత్తి కంప దొరుకుతాయి కాబట్టి నేనైతే కట్టెలదే కొంటాను. కాకపోతే కట్టె ఎండాలి, తేమ 20 శాతం లోపుండాలి. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూడండి: ఖంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే పచ్చిదే. మిరప కట్టె వేస్తే కాయలు ఏరేసి వేయండి, లేకపోతే వీధంతా దగ్గుతుంది! బొగ్గు మూసిన గదిలో అస్సలు వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.