కిట్‌ను అనుమానించే ముందు ఉమ్మి పట్టిన తీరు చూడండి

ప్రశ్న: చిగుళ్ల వ్యాధి ఉన్నవారి లాలాజలంలో వాపును సూచించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఎంఎంపీ-8 అనే ప్రోటీన్లను ఎలైసా (ప్రతిరక్షకాల సాయంతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) కిట్‌తో కొలుస్తున్నాం. ఒకే మనిషి దగ్గర రెండు రోజులు తీసిన నమూనాల్లో అంకెలకు పొంతన కుదరడం లేదు. లోపం కిట్‌లోనా? - దంతవైద్య పీజీ విద్యార్థిని

జవాబు: చాలాసార్లు తేడా కిట్‌ దాకా రాకముందే వచ్చేస్తుంది. మొదట ఇది చెప్పండి: చిగురుకూ పంటికీ మధ్య సందు లోతును ప్రోబ్‌తో (కొలత గీతలున్న సన్నని పరికరం) కొలిచాక ఉమ్మి పట్టారా? వాచిన చిగురుకు ప్రోబ్ తగలగానే రక్తం చిమ్ముతుంది, చిగురు సందులోని ద్రవమూ ఒక్కసారిగా నోట్లోకి వస్తుంది, దాంతో అంకెలు మారిపోతాయి. ముందు లాలాజలం, తర్వాతే ప్రోబింగ్. ఈ వరుస మార్చనే కూడదు. గులాబీ రంగు తేలిన నమూనాను విడిగా గుర్తు పెట్టుకోండి. కంటికి కనిపించని రక్తాన్ని, రక్తంలో ఉండే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్‌ను కొలిస్తే పట్టుకోవచ్చు.

రెండు రోజులూ ఉదయం ఒకే వేళకు తీయండి. అంతకు ముందు గంటసేపు తిండి, బ్రష్, పొగ వద్దు. నీళ్లతో పుక్కిలించాక 10 నిమిషాలు ఆగాలి, లేకుంటే నమూనా పలచబడుతుంది. తల కాస్త ముందుకు వంచి, నోట్లో ఊరినదాన్ని 5 నిమిషాలు గొట్టంలోకి జారనివ్వాలి. ఏదీ నమిలించవద్దు. దూదిలో పీల్చి తీస్తే కొన్ని ప్రోటీన్లు దూదికే అంటుకుపోతాయి.

ఎంత ఊరిందో రాసుకోవడం చాలామంది మరిచిపోతారు, అసలు చిక్కంతా అక్కడే. నిమిషానికి 0.1 మిల్లీలీటరు కూడా ఊరని నోట్లో వాపు పెరగకపోయినా గాఢత పెరిగి కనిపిస్తుంది. అందుకే గాఢతను ప్రవాహంతో (నిమిషానికి ఊరిన ఉమ్మితో) గుణించి, నిమిషానికి ఎంత వెలువడిందో కూడా చూపండి.

పట్టిన వెంటనే గొట్టం ఐసులో పెట్టాలి, లేదంటే ఉమ్మిలోని ఎంజైములు మీరు కొలవబోయే ప్రోటీన్లనే కొరికేస్తాయి. చల్లగా సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో వేగంగా తిప్పి), అడుగున చేరిన జిగురునూ కణాలనూ వదిలి, పైతేటను చిన్న చిన్న వాటాలుగా మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. కరిగించిన వాటాను మళ్లీ గడ్డకట్టించవద్దు. ఎంఎంపీ-8 నానోగ్రాముల్లో, ఇంటర్‌ల్యూకిన్ పికోగ్రాముల్లో ఉంటాయి కాబట్టి రెండింటికీ ఒకే పలచన పనికిరాదు.

ప్రశ్న: ఉమ్మి పరీక్షతో ఏ పన్ను దగ్గర జబ్బుందో తెలుస్తుందా? - ఒక పాఠకుడు

జవాబు: తెలియదు. ఉమ్మిలో అన్ని చిగుళ్ల నుంచీ వచ్చిన ద్రవం కలిసిపోతుంది. ఏ పన్ను అన్నది తేలాలంటే ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలవాలి, ఎముక ఎంత తగ్గిందో ఎక్స్‌రేలో చూడాలి.