జడ్జి కావడానికి పరీక్ష లేదండీ

"మా అమ్మాయి న్యూజెర్సీలో కాలేజీ రెండో సంవత్సరం. ఫెడరల్ జడ్జి అవుతానంటోంది. ఏ పరీక్ష రాయాలి? అదా, పెద్ద లా ఫర్మ్ ఉద్యోగమా, ఏది మేలు?" అని ఒక తండ్రి అడిగారు.

అయ్యా, మన దగ్గర జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు పరీక్ష ఉంది కాబట్టి అక్కడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. లేదు. అక్కడ డిస్ట్రిక్ట్ జడ్జిని, అంటే ఫెడరల్ (కేంద్ర) ట్రయల్ కోర్టు జడ్జిని, అధ్యక్షుడు నామినేట్ చేస్తారు, సెనేట్ ఆమోదించాలి. ఇక పదవి జీవితాంతం. ఎంత ప్రతిభ ఉన్నా ఖాళీ రావాలి, ఆ రాష్ట్ర సెనేటర్లు ఒప్పుకోవాలి. 'అన్నేళ్లు చదివాక అది రాకపోతే?' అన్నదే కదా మీ అసలు టెన్షన్! రాకపోయినా మీ అమ్మాయి లాయరే. రోడ్డున పడదు.

డబ్బు లెక్కైతే ఫర్మే మేలు. జడ్జి ఏడాది జీతం 2025లో 2,47,400 డాలర్లు. న్యూయార్క్ పెద్ద ఫర్మ్‌లో చదువు ముగించి చేరిన పిల్లలకే 2,25,000, బోనస్ వేరే. కానీ ఆ దారి మీద నాకు అనుమానాలున్నాయి. పేరున్న ప్రైవేటు లా స్కూల్లో మూడేళ్లకు ఖర్చు రెండు లక్షల డాలర్లు దాటుతుంది. ఆ అప్పు తీర్చడానికి ఫర్మ్‌లో చేరితే మొదటి ఏళ్లన్నీ కాగితాలతోనే గడుస్తాయి, కోర్టులో నిలబడి వాదించే అవకాశం అరుదు. ట్రయల్ కోర్టు జడ్జికి కావాల్సిందే ఆ అనుభవం. ప్రాసిక్యూటర్‌గానో, పబ్లిక్ డిఫెండర్‌గానో (లాయర్‌ను పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్) చేస్తే జీతం తక్కువ, పని నేర్చుకోవడం ఎక్కువ.

భారతీయ మూలాలున్న ఫెడరల్ జడ్జి అమూల్ థాపర్‌నే చూడండి. జడ్జి దగ్గర లా క్లర్క్‌గా, అంటే కేసుల్లో సాయపడే లాయర్‌గా చేశారు, ఫర్మ్‌లలో చేశారు, ఫెడరల్ ప్రాసిక్యూటర్ అయ్యారు. 38 ఏళ్లకు కెంటకీలో డిస్ట్రిక్ట్ జడ్జి అయ్యారు. ఫెడరల్ కోర్టుల్లోనే డిస్ట్రిక్ట్ జడ్జి కింద మేజిస్ట్రేట్ జడ్జి అనే పదవి కూడా ఉంది. ఎనిమిదేళ్ల పదవీకాలం, దరఖాస్తు పెట్టుకోవచ్చు, నియమించేది ఆ కోర్టు జడ్జిలే.

ఒక్కమాట, కోపగించుకోకండి. మీ ఉత్తరంలో జీతం గురించి మూడుసార్లు అడిగారు, అమ్మాయికి ఈ కోరిక ఎందుకు పుట్టిందో ఒక్కసారీ రాయలేదు. ముందు అది అడగండి. తర్వాత ఒకరోజు ఇద్దరూ నెవార్క్ ఫెడరల్ కోర్టుకు వెళ్లండి. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. శిక్ష ఖరారు చేసే విచారణ ఏ రోజో చూసుకుని వెళ్లండి. నేరం రుజువైందో లేదో జ్యూరీ చెప్పినా, ఎన్నేళ్లు జైలన్నది ఆ జడ్జి ఒక్కరే నిర్ణయించాలి. ముద్దాయి వాళ్లమ్మ వెనక బెంచీలో కూర్చుని వింటుంటుంది. అది చూశాక కూడా మీ అమ్మాయి ఇదే కావాలంటే, ఆమెను ఆపకండి.