పై గదికి సిగ్నల్ రాకపోతే పెద్ద ప్లాన్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరులో రెండంతస్తుల సొంత ఇల్లు. నేను ఉపాధ్యాయురాలిని. కింద హాల్లో ఇంటర్నెట్ బాగానే వస్తోంది. పై గదిలో ఇంటి నుంచి పనిచేసే మా అబ్బాయికి మాత్రం వీడియో కాల్స్ మధ్యలో ఆగిపోతున్నాయి. ఇప్పుడున్నది 100 ఎంబీపీఎస్ ప్లాన్, నెలకు 699 రూపాయలు, జీఎస్టీ అదనం. 1,499 రూపాయల 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారమని కనెక్షన్ ఇచ్చినవారు అంటున్నారు. దుకాణంలోనేమో 18,000 రూపాయల మెష్ సెట్ (ఇల్లంతా వైఫై పంచే మూడు పెట్టెలు) చూపించి, పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందన్నారు. పక్క వాటాలో అద్దెకున్నవారు నెలకు 300 ఇస్తాం, పాస్‌వర్డ్ చెప్పమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: టీచర్ గారూ, ముందు మీ అబ్బాయిని రౌటర్ పక్కన నిలబడి ఫోనులో స్పీడ్ టెస్ట్ చేయమనండి. తర్వాత అదే ఫోనుతో పై గదిలో, తలుపు వేసుకుని. కింద 90 చూపించి పైన 5, 6 దగ్గర ఆగిపోతే లోపం ప్లాన్‌లో లేదు, మధ్యనున్న స్లాబులో ఉంది. ఇనుప కడ్డీలు కట్టి పోసిన కాంక్రీటును దాటేసరికి వైఫై బాగా నీరసిస్తుంది. రౌటర్ ఇచ్చే రెండు రకాల సిగ్నళ్ళలో వేగం ఎక్కువుండే 5 గిగాహెర్ట్జ్ అయితే మరీను. 2.4 గిగాహెర్ట్జ్ ఇంకాస్త దూరం పోతుంది గానీ వేగం తక్కువ, పైగా ఇరుగుపొరుగు రౌటర్ల రద్దీ అంతా అక్కడే. గుమ్మం దాకా 300 వచ్చినా పైకి చేరేది ఆ కాస్తే.

కింద కూడా 20, 30 మాత్రమే వస్తుంటే సంగతి వేరు. అప్పుడు కంపెనీకి ఫిర్యాదు చేయండి. ఇప్పటికే డబ్బు కట్టిన వేగాన్ని సరిగ్గా ఇవ్వకుండా పై ప్లాన్ అమ్మజూపితే ఒప్పుకోకండి.

అసలు 100 సరిపోదా అంటే, 4కె (అతి స్పష్టమైన) సినిమాకు 15 ఎంబీపీఎస్ చాలు, వీడియో కాల్‌కు అందులో నాలుగో వంతు. మామూలు కుటుంబానికి ధారాళంగా సరిపోతుంది. 18 శాతం జీఎస్టీ కలిపితే మీ బిల్లు 825 నుంచి 1,769కి పెరుగుతుంది. ఏడాదికి 11,300 పైచిలుకు, అదీ పై గదికి మేలు జరగకుండానే.

నేనైతే ఇలా చేస్తాను. ఫైబర్ తీగ ఇంట్లోకి వచ్చినచోటే, టీవీ వెనకో కిటికీ పక్కనో, రౌటర్ పెట్టె బిగించి వెళ్ళిపోవడం టెక్నీషియన్లకు అలవాటు. దాన్ని మెట్ల దగ్గరికి, కాస్త ఎత్తుకు మార్పించండి. మెట్ల దారిన సిగ్నల్‌కు స్లాబు అడ్డు తక్కువ. ఒక్కోసారి ఇంతటితోనే పని అయిపోతుంది. కాకపోతే ఆ పెట్టె నుంచి పై గదికి క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ లాగించి, చివర ఆ రెండు సిగ్నళ్ళూ ఇచ్చే ఒక మామూలు డ్యూయల్ బ్యాండ్ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చిన ఇంటర్నెట్‌ను అక్కడ వైఫైగా పంచేలా, పెట్టించండి. కేబుల్, కూలి, రౌటర్ అన్నీ కలిపి నాలుగైదు వేలలో కావాలి. అబ్బాయి ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబులే తగిలిస్తే కాల్స్ విషయంలో ఇక చింత ఉండదు. చవక రిపీటర్ జోలికి పోకండి. అందిన బలహీనమైన సిగ్నల్‌నే మళ్ళీ పంచుతుంది, ఆ పంచడంలో వేగం సగానికి పడిపోతుంది.

మెష్ చెడ్డదని కాదు. అయితే ఆ మూడు పెట్టెలూ గాలిలోనే మాట్లాడుకోవాలంటే అదే స్లాబు మళ్ళీ అడ్డం వస్తుంది. కేబుల్ ఎలాగూ లాగాల్సినప్పుడు 18,000 ఎందుకు? ఇక నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఎక్కడికీ పోదు. అమ్మేవారు ఆ మేరకు తగ్గింపు చూపిస్తారు, బ్యాంకు వసూలు చేసుకుంటుంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద జీఎస్టీ మాత్రం మీదే. వడ్డీ రేటు 15 శాతం అనుకుంటే దాదాపు 250 రూపాయలు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. పూర్తి నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారని అడిగి చూడండి, అసలు ధర బయటపడుతుంది.

మీరు అడగలేదు గానీ, పన్నెండు నెలలకు ఒకేసారి కడితే పదమూడో నెల ఉచితమనే పథకం మీ కంపెనీలో ఉంటే వదలకండి. లెక్క వేస్తే అది ఏటా 15 శాతానికి పైబడిన రాబడి, ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్టూ అంత ఇవ్వదు. అయితే పై గది సమస్య తీరి, రెండు మూడు నెలలు సర్వీసు చూశాకే కట్టండి. క్రెడిట్ కార్డు బాకీ మోస్తూ మాత్రం వద్దు.

అబ్బాయి పనిచేసే సంస్థ ఇంటర్నెట్ ఖర్చు తిరిగి ఇస్తుందేమో కనుక్కోమనండి. కొన్నిచోట్ల బిల్లు ఉద్యోగి పేరు మీద ఉండాలంటారు. అలాగైతే కనెక్షన్ పేరు మార్పించడమే మేలు.

అద్దెకున్నవారి 300 రూపాయలు తీసుకోకండి. కనెక్షన్ మీ పేరున ఉంది. అందులో ఎవరు ఏ తప్పుడు పని చేసినా పోలీసులు ముందు మీ తలుపే తడతారు. పైగా మీరు బ్యాంకు పనులు చేసుకునే నెట్‌వర్క్ అదే. రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ (దాని సెట్టింగులు తెరిచేది) మార్చకుండా ఉంటే ఈరోజే మార్పించండి, చుట్టాలకు వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టించండి. అద్దెకున్నవారికి విడిగా చిన్న ప్లాన్ ఇప్పించండి. కొత్త కనెక్షన్ చేర్పిస్తే మీ బిల్లులో ఏమైనా తగ్గిస్తారేమో కంపెనీని అడగడం మరవకండి.