బావగారి లేజరు, రష్యా కట్టిన బిల్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు యుద్ధాలు, రాకెట్లు, అణు కరెంటు గురించే. చాలావరకు ఇంట్లోనో టీ కొట్టు దగ్గరో వాదన పెట్టుకుని, తీర్పు కోసం మాకు రాసినవి. తీర్పులు చెప్పడం మా వల్ల కాదు కానీ, తెలిసింది చెప్తాం.

ప్ర: మాది కర్నూలు జిల్లా, ఓర్వకల్లు వైపు. మా దగ్గరి రేంజిలో 2025 ఏప్రిల్‌లో లేజర్‌తో డ్రోన్ కూల్చారు కదండీ, అప్పటి నుంచి మా బావ ఫ్యామిలీ గ్రూపులో "ఇంక క్షిపణులన్నీ పాత ఇనుప సామాన్లకి వేసేయడమే" అని ఒకటే ఊదర. కాదంటే నేను దేశద్రోహినట. నిజమేంటి?

జ: ముందు మీ బావకి పడాల్సిన మార్కులు వేసేద్దాం. ఆ లేజరు గాలి కబురు కాదు. హైదరాబాదులోని డీఆర్‌డీఓ ల్యాబ్ చెస్ ముందుండి తయారు చేయించింది, ఏప్రిల్ 13న రెక్కల డ్రోన్‌ని కూల్చింది, నిఘా సెన్సర్లనీ యాంటెన్నాలనీ కూడా పాడుచేసింది. కొన్ని సెకన్లు కాల్చడానికి రెండు లీటర్ల పెట్రోలంత ఖర్చు అని వాళ్లే చెప్పారు. చవక డ్రోన్‌ని కొట్టడానికి కోట్ల రూపాయల క్షిపణి వాడటం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం లాంటిది కాబట్టి, లేజరు మీద ఆశ పెట్టుకోవడంలో తప్పేం లేదు.

ఇప్పుడు కోత. దాని శక్తి 30 కిలోవాట్లు. అంటే మీ పొలాల్లో అయిదు హెచ్‌పీ మోటార్లు ఎనిమిది ఒకేసారి వేస్తే ఎంత కరెంటో సుమారుగా అంత, అంతే. గొప్పతనం కరెంటులో లేదు, దాన్నంతా ఒక చిన్న చుక్కలోకి తెచ్చి, అటూ ఇటూ ఊగుతూ ఎగిరే వస్తువు మీద అదే చోట, అది కాలి చిల్లు పడేదాకా కొన్ని సెకన్లు కదలకుండా నిలబెట్టడంలో ఉంది. పైగా బయటికొచ్చే కాంతి 30 కిలోవాట్లయితే లోపలికి పంపాల్సింది దానికి రెండు మూడు రెట్లు, మిగిలిందంతా వేడి, ఆ వేడిని లాగేయడానికి చల్లబరిచే యంత్రాలు, వాటికి మళ్లీ కరెంటు. వానలో, మంచులో, మీ కర్నూలు ఎండాకాలపు దుమ్ములో కాంతి చెదిరిపోతుంది. లేజరు వంగదు కూడా, కొండ అవతల ఉన్నవాడు హాయిగా ఉంటాడు. ఒక సమయంలో ఒక్కదాన్నే కాల్చగలదు. ఇక ఆకాశంలోంచి దూసుకొచ్చే బాలిస్టిక్ క్షిపణి ముక్కు వాతావరణంలో పుట్టే వేల డిగ్రీల వేడిని తట్టుకోవడానికే తయారైన వస్తువు, దానికి ఇది వెచ్చటి కాపడం.

ఈసారి గ్రూపులో పెడితే "ఎన్ని కిలోవాట్లు బావా, ఎన్ని సెకన్లు బావా" అని మాత్రం అడగండి. దేశభక్తి జోలికి పోకండి, అక్కడ ఆయన్ని మీరు గెలవలేరు.

ప్ర: అంతరిక్షంలో ఆయుధాలు నిషేధం కదా. మరి 2019లో మనం ఉపగ్రహాన్ని పేల్చినప్పుడు ఎవరూ ఒప్పందం తప్పారని కేసెందుకు పెట్టలేదు? (విజయవాడ)

జ: నిషేధం ఉంది, కానీ అందరూ అనుకునేది కాదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం నాలుగో అధికరణం చదవండి: భూమి చుట్టూ కక్ష్యలో అణ్వాయుధాలు, సామూహిక వినాశన ఆయుధాలు పెట్టకూడదు. మామూలు ఆయుధాల సంగతి అందులో లేదు. నేల మీంచి క్షిపణి వదిలి సొంత ఉపగ్రహాన్ని కొట్టుకుంటే ఆ కాగితం ప్రకారం తప్పు కాదు.

మరి అణ్వాయుధాల మీదే ఎందుకంత పట్టుదల? 1962 జులై 9న అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల బాంబు పేల్చి చూసింది. దాదాపు 1,450 కిలోమీటర్ల దూరంలో హవాయిలో మూడు వందల వీధిదీపాలు పోయాయి. ఆ మర్నాడే అమెరికా నుంచే టెల్‌స్టార్ అనే కొత్త సమాచార ఉపగ్రహం ఎగిరింది, పాపం, బాంబు వదిలిన రేడియేషన్‌లో తిరిగి తిరిగి కొన్ని నెలలకే మూగబోయింది. పెట్టినవాడికీ తగిలింది. అందుకే అమెరికా, సోవియట్ రెండు పక్షాలూ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టాయి, మంచితనం వల్ల అని నేననుకోను.

2019 మార్చి 27న మనం కొట్టింది 300 కిలోమీటర్ల లోపు ఎత్తున ఉన్న మన మైక్రోశాట్-ఆర్‌ని. అంత కిందైతే ముక్కలు త్వరగా పడి కాలిపోతాయి. 45 రోజులన్నారు, ఎక్కువభాగం అలాగే పోయినా కొన్ని పైకి ఎగిరి నెలల తరబడి తిరిగాయి. చైనా 2007లో 850 కిలోమీటర్లకి పైన పేల్చింది, జాడ తీయగలిగిన ముక్కలే మూడు వేలకి పైగా, వాటిలో చాలా ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2021 నవంబరు 15న రష్యా చేసిన పరీక్షకైతే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లంతా పరుగున క్యాప్సూళ్లలోకి వెళ్లి తలుపులేసుకున్నారు. వాళ్లలో నాలుగు రోజుల క్రితమే పైకి చేరిన మన హైదరాబాదు మూలాల రాజా చారి ఉన్నారు, ఇద్దరు రష్యన్లు కూడా ఉన్నారు.

మర్నాటి ఏడాది డిసెంబరులో, ఇలాంటి పరీక్షలు మానేద్దామని ఐక్యరాజ్యసమితిలో తీర్మానం పెడితే 155 దేశాలు సరేనన్నాయి, మనం ఓటెయ్యకుండా కూర్చున్నాం. 1967 జనవరి 1కి ముందు అణుపరీక్ష చేసినవాళ్లే అణ్వాయుధ దేశాలని ఎన్‌పీటీలో (అణ్వాయుధాల వ్యాప్తిని ఆపే ఒప్పందం) గీత గీసి మనల్ని బయట నిలబెట్టిన అనుభవం ఉంది కనుక, స్వచ్ఛంద హామీలు కాదు, అందరినీ కట్టేసే చట్టం తెండి అన్నది మనవాళ్ల వాదన. అర్థం చేసుకోగలను. కానీ ఉపగ్రహ పరీక్ష ముందే చేసేశాం కనుక ఈసారి గీతకి లోపలే ఉన్నాం, చెయ్యెత్తితే పోయేదేముంది అని నాకింకా అనిపిస్తూనే ఉంటుంది.

ప్ర: చంద్రుడి మీది హీలియం-3 తెచ్చుకుంటే ప్రపంచానికి కరెంటు కష్టాలే ఉండవనీ, అమెరికా, చైనా కొట్టుకుంటున్నది దానికేననీ మా రూమ్మేట్ అంటాడు. (డల్లాస్)

జ: ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. టన్ను చంద్రుడి మట్టి జల్లెడ పట్టి వేడిచేస్తే దొరికేది మిల్లీగ్రాముల్లో. దాన్ని మండించే ఫ్యూజన్ రియాక్టరు (పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి తీసేది) ఎక్కడా లేదు, దానికంటే తేలిగ్గా కలిసే డ్యుటీరియం-ట్రిటియం అనే హైడ్రోజన్ రకాలతోనే ఇంతవరకు ఒక్క బల్బు వెలగలేదు. అసలు పోటీ దక్షిణ ధ్రువం దగ్గరి మంచు కోసం. తాగడానికి నీళ్లు, పీల్చడానికి ఆక్సిజన్, రాకెట్‌కి హైడ్రోజన్ అన్నీ అందులోనే.

ప్ర: అణు ఇంధనం ఉన్న ఉపగ్రహాలు కూడా ఉంటాయట కదండీ. అలాంటిది మన నెత్తిన పడితే ఎవరిని అడగాలి? (ఖమ్మం నుంచి ఒక గృహిణి)

జ: భలే అడిగారమ్మా. ఇది ఒకసారి జరిగింది. 1978 జనవరి 24న సోవియట్ కాస్మోస్-954 అదుపు తప్పి, లోపల యురేనియం రియాక్టరుతో సహా కెనడా ఉత్తరాన మంచు నేలల మీద ముక్కలుముక్కలై పడింది. గడ్డకట్టే చలిలో, విమానాల్లో రేడియేషన్ కొలిచే పెట్టెలు పెట్టుకుని, లక్ష చదరపు కిలోమీటర్లకి పైగా నెలల తరబడి వెతికారు, దొరికిన ఇంధనం అసలు దానిలో సుమారు వెయ్యో వంతు. జనం లేని చోట కాబట్టి బతికిపోయాం.

ఎవరి వస్తువు పడితే వాళ్లే నష్టం కట్టాలని 1972 నుంచి అంతర్జాతీయ ఒప్పందం ఉంది. కెనడా దాని ప్రకారం 60 లక్షల కెనడా డాలర్ల చిల్లరకి లెక్క రాసి మాస్కోకి పంపింది. వాళ్లు బేరమాడి 1981లో 30 లక్షలు ఇచ్చి, సరి అన్నారు. సగానికి సగం. మీ ఇంటి మీద పడితే మీరు నేరుగా అడగక్కర్లేదు, మీ తరఫున ఢిల్లీ అడగొచ్చు. బిల్లు మాత్రం కాస్త పెంచి రాయమనండి.

ప్ర: 2022లో ఫ్యూజన్‌లో పెట్టినదానికంటే ఎక్కువ శక్తి వచ్చిందన్నారు. కరెంటు చార్జీలు తగ్గేదెప్పుడు? యుద్ధం మధ్యలో రష్యాతో కలిసి ఆ ఫ్రాన్స్ రియాక్టరు ఎలా కడుతున్నారు? (వరంగల్)

జ: కాలిఫోర్నియాలో 2022 డిసెంబరు 5న లేజర్లు చిన్న ఇంధన గోళీ మీద వేసింది 2.05 మెగాజౌళ్లు, వచ్చింది 3.15. నిజమే, గొప్పే. కాకపోతే ఆ 2.05 పుట్టించడానికి గోడ ప్లగ్గు నుంచి తాగింది సుమారు 300. హెడ్డింగులో 300 రాయరు. మీ చార్జీల గురించి ఆశ పెట్టుకోకండి.

ఫ్రాన్స్‌లోని ఇటర్ వేరే కథ. 1985లో జెనీవాలో రీగన్, గోర్బచేవ్ కలిసినప్పుడు మొదలైన ఆలోచన. ఇప్పుడు ఏడు భాగస్వాముల్లో మనం ఒకళ్లం, రష్యా ఒకటి, అమెరికా ఒకటి. మొత్తం యంత్రాన్ని కప్పే 3,850 టన్నుల స్టీలు క్రయోస్టాట్ మన వాటా, గుజరాత్‌లోని హజీరాలో ముక్కలు చేసి ఓడల్లో పంపాం. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన ఏడాదే నవంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి 9 మీటర్ల అడ్డం ఉన్న అయస్కాంత చుట్ట ఒకటి ఓడెక్కింది. తలో భాగం తలో దేశం చేసేలా మొదట్లోనే పంచుకున్నారు కాబట్టి, ఎవరినైనా గెంటేస్తే యంత్రానికి కన్నం పడుతుంది. అసలైన ఇంధనంతో పరీక్షలు 2039లో అని 2024లో చెప్పారు, దాంట్లోంచి కూడా గ్రిడ్‌కి కరెంటు రాదు, అది ప్రయోగమే.

ప్ర: ఏటా మన అణు కేంద్రాల అడ్రసులు మనమే పాకిస్తాన్‌కి ఇస్తున్నామట. ఇదేం తెలివండీ? (అనంతపురం, మాజీ సైనికుడు)

జ: నమస్కారం సార్. ఇస్తున్నాం, వాళ్లూ ఇస్తున్నారు. అణు కేంద్రాల మీద ఒకరిపై ఒకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాం, 1992 నుంచి ప్రతి జనవరి 1న ఢిల్లీలో, ఇస్లామాబాదులో జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. అవి ఎక్కడున్నాయో పైనుంచి ఎవరైనా చూడగలరు, దాచేదేం లేదు. "దీన్ని ముట్టను" అని పేరు పేరునా ఒప్పుకోవడానికే ఆ కాగితం. 2022 మార్చిలో ఉక్రెయిన్‌లోని జపోరిజియాలో ఆరు రియాక్టర్లున్న కేంద్రం యుద్ధంలో చిక్కుకుంది. అక్కడ రియాక్టర్లు ఆపేసినా చల్లబరచడానికి బయటి నుంచి కరెంటు కావాలి, ఆ తీగ తెగిన ప్రతిసారీ అందరికీ టెన్షనే.

మీరు సర్వీసులో ఉండి ఉంటే 2001 డిసెంబరు గుర్తుంటుంది. పార్లమెంటు మీద దాడి, సైన్యమంతా సరిహద్దుకి. 2002 జనవరి 1 నుంచి ఢిల్లీ-లాహోర్ బస్సు, సంఝౌతా రైలు రెండూ ఆగిపోయాయి. జాబితా మాత్రం ఆ రోజు కూడా వెళ్లింది.