మిద్దె ఖాళీగా ఉందని ఐదు కిలోవాట్లు పెట్టించుకోవాలా?

ప్రశ్న: మాది అనంతపురం. రెండంతస్తుల ఇల్లు. కింద నేను, కోడలు, ఇద్దరు మనవళ్లు ఉంటాం. పైభాగం అద్దెకు ఇచ్చాం, వాళ్ల మీటరు వేరు, బిల్లు వాళ్లే కట్టుకుంటారు. మా మీటరు మీద మామూలు నెలల్లో 250 యూనిట్లు, మార్చి నుంచి జూన్ వరకు ఏసీ వల్ల 400 వస్తున్నాయి. సోలార్ పెట్టేవాళ్లు 2 కిలోవాట్లకు 1,35,000, మూడింటికి 1,95,000, ఐదింటికి 3,10,000 రూపాయలు చెప్పారు. మిద్దె ఖాళీగానే ఉంది కాబట్టి ఐదు పెట్టించుకోమంటున్నారు. వచ్చే నెల 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరుతుంది. ఫ్యామిలీ పెన్షన్, అద్దె తప్ప నాకు వేరే ఆదాయం లేదు. కరెంటు బిల్లు ఇంకా కాలం చేసిన మావారి పేరు మీదే వస్తోంది. సోలార్ ఉంటే కరెంటు పోయినా ఇబ్బంది ఉండదని నా ఆశ. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి మాత్రం ఎప్పటికైనా ఇల్లు అమ్మేసేదే కదా, ఇప్పుడు ఈ ఖర్చెందుకు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: పెట్టించుకోండమ్మా, కానీ రెండు కిలోవాట్లే. ఐదు మాట మరచిపోండి.

మీ రాయలసీమలో ఎండకు కొదవ లేదు. నంబులపూలకుంటలో, ఓర్వకల్లు దగ్గర అంత పెద్ద సోలార్ పార్కులు వెలిసింది అందుకే. ఒక కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు నాలుగు యూనిట్లు, నెలకు 120 ఇస్తాయని లెక్క వేసుకోవచ్చు. చూడవలసింది ఆ యూనిట్లు మీ బిల్లులో ఏ ధర దగ్గర తగ్గుతాయన్నదే. మన రాష్ట్రంలో ఇళ్లకు కరెంటు ధర శ్లాబుల వారీగా పెరుగుతుంది. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆపైన 400 వరకు 8.75. సోలార్ యూనిట్లు ముందుగా మీ బిల్లులోని ఖరీదైన యూనిట్లను తీసేస్తాయి. ఆ తర్వాత తీసేవన్నీ చవక యూనిట్లే.

ఈ శ్లాబుల ప్రకారం మీకు మామూలు నెలలో 1,236 రూపాయలు, వేసవి నెలలో 2,548 పడుతుంది. ఏడాదికి సుమారు 20,080. స్థిర చార్జీలు, ఇంధన సర్దుబాటు వంటివి ఇందులో కలపలేదు.

రెండు కిలోవాట్లు నెలకు 240 యూనిట్లు ఇస్తే మామూలు నెలల్లో మీకు మిగిలేది పది యూనిట్ల బిల్లు, అంటే 19 రూపాయలు. వేసవిలో 160 యూనిట్లకు 627. ఏడాది మొత్తం 2,660. అంటే 17,400 ఆదా. మూడో కిలోవాట్ కూడా పెడితే బిల్లు ఏడాదికి 350 రూపాయలకు దిగుతుంది. దాని వల్ల అదనంగా మిగిలేది 2,300 మాత్రమే. ఇక ఐదు పెడితే తగ్గించడానికి బిల్లులో మిగిలి ఉన్నది ఆ 350 రూపాయలే.

మిగులు యూనిట్లు డిస్కంకు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థకు అమ్ముకోవచ్చు కదా అంటారు. అమ్ముకోవచ్చు. కానీ మీరు కొనే 8.75కు వాళ్లు కొనరు, చాలా తక్కువ ఇస్తారు. ఆ డబ్బు కోసం లక్షలు మిద్దె మీద పరచడం నాకు నచ్చదు.

మీకు చూపించిన కాగితంలో బహుశా మూడు కిలోవాట్లు నెలకు ఇచ్చే 360 యూనిట్లను 8.75తో గుణించి, నెలకు 3,150 ఆదా అని వేసి ఉంటారు. చాలామంది అలాగే వేస్తారు. ఏడాదికి అది 37,800. మీరు కట్టేదే 20 వేలైతే 37 వేలు ఎలా మిగులుతాయో వాళ్లనే అడగండి.

ఇప్పుడు రాయితీ. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000 ఇస్తారు. అక్కడితో ఆగిపోతుంది. మూడు పెట్టినా పది పెట్టినా 78,000కు మించి రాదు. కాబట్టి మీ చేతి నుంచి పోయేది రెండు కిలోవాట్లకు 75,000, మూడింటికి 1,17,000, ఐదింటికి 2,32,000. డెబ్బై ఐదు వేలు నాలుగేళ్లు దాటిన కొద్ది నెలలకు తిరిగి వస్తాయి. మూడోదాని మీద పెట్టే 42,000 బిల్లు ఆదా రూపంలో రావడానికి పద్దెనిమిదేళ్లు. త్వరలో రెండో ఏసీ గానీ ఎలక్ట్రిక్ స్కూటర్ గానీ కొనే ఆలోచన ఖాయంగా ఉంటే అప్పుడు మూడు పెట్టండి, లెక్క మారుతుంది. అద్దెవాళ్ల మీటరు జోలికి వెళ్లకండి. వాళ్ల బిల్లు తగ్గినా మీకు ఒరిగేది లేదు.

డిపాజిట్ నుంచి 1,35,000 వాడండి, మిగతాది మళ్లీ వేసేయండి. రాయితీ ముందు రాదు, పని పూర్తై నెట్ మీటరు (మీరు వాడుకునే కరెంటును, బయటకు పంపేదాన్ని రెండింటినీ లెక్కించే మీటరు) పడ్డాక మీ ఖాతాలో పడుతుంది. వచ్చిన 60,000 కూడా డిపాజిట్ చేయండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా 75,000 మీద మీరు వదులుకునేది ఏడాదికి ఐదు వేల లోపు. ఇక్కడ మిగిలేది 17,400, దానికి ఆదాయపు పన్ను కూడా లేదు. అయితే డిపాజిట్‌లో అసలు భద్రంగా ఉంటుంది, ప్యానెళ్ల మీద పెట్టిన అసలు చేతికి రాదు. అందుకే ఆసుపత్రి ఖర్చులకు దాచిన డబ్బు ఇదొక్కటే అయితే బ్యాంకు రుణం చూడండి. ఈ పథకం కింద మూడు కిలోవాట్ల లోపు వాటికి ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా, వ్యక్తిగత రుణం కంటే బాగా తక్కువ వడ్డీకి ఇస్తున్నాయి. మీకు మాత్రం పెన్షన్ మీద కొత్త వాయిదా అవసరం కనిపించడం లేదు.

మీ అబ్బాయి మాటలో న్యాయం లేకపోలేదు. రెండు మూడేళ్లలో ఇల్లు అమ్మేస్తామంటే నేనూ వద్దనే అంటాను. ఇల్లు కొనేవాళ్లు స్థలం ధర, గోడల వయసు చూస్తారు గానీ ప్యానెళ్లకు విడిగా లక్ష ఇవ్వరు. విప్పి తీసుకెళ్లడానికి ఖర్చు, కొత్త చోట నెట్ మీటరుకు మళ్లీ దరఖాస్తు. కానీ "ఎప్పటికైనా" అన్నది తేదీ కాదు. మనవళ్ల చదువులు అనంతపురంలో ఇంకా ఐదేళ్లు ఉన్నాయా లేదా, ఆ ఒక్కటి తేల్చమనండి.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. బ్యాటరీ లేని సోలార్‌ను అలాగే తయారు చేస్తారు. లైన్ మీద పని చేసే లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి షాక్ కొట్టకూడదు కదా. మనవళ్ల చదువు కోసం ఫ్యాన్లు, లైట్లు తిరగాలంటే ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే దాన్ని అలాగే ఉంచుకోండి.

రెండు కిలోవాట్లకు సుమారు 200 చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. నీళ్ల ట్యాంకు నీడ సాయంత్రం ఎటు పడుతుందో ముందు మీరే చూడండి, ఒక ప్యానెల్ మూల మీద నీడ పడినా మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గవచ్చు. వడియాలు ఎండబెట్టుకోవడానికి చోటు ఉండాలని స్టాండు ఎత్తు పెంచమంటే ధర పెరుగుతుంది, గాలి పట్టూ పెరుగుతుంది. మీ వైపు గాలి ఎక్కువ, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, బోల్టులు, దిమ్మెల విషయంలో రాజీ పడకండి. బోరు నీళ్లతో కడిగితే అద్దం మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది. మెత్తని గుడ్డతో, మంచి నీళ్లతో, పొద్దున్నే తుడిపించండి. మే నెలలో ఉత్పత్తి అనుకున్నంత లేదని కంగారు పడకండి. ప్యానెల్ వేడెక్కేకొద్దీ దాని శక్తి కొంత తగ్గుతుంది.

అన్నిటికంటే ముందు విద్యుత్ కార్యాలయానికి వెళ్లి సర్వీసు మీ పేరు మీదకు మార్పించుకోండి. మరణ ధ్రువీకరణ పత్రం, ఇంటి కాగితాలు తీసుకెళ్లండి. దరఖాస్తు, బిల్లు, రాయితీ పడే బ్యాంకు ఖాతా, మూడింటిలో ఒకే పేరు ఉండాలి. లేకపోతే 60,000 ఎక్కడో ఆగిపోతుంది. దరఖాస్తు ఈ పథకం జాతీయ పోర్టల్‌లో మీ ఫోన్ నంబరుతోనే చేయించండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ప్యానెళ్లలోని సెల్స్ కూడా దేశంలో తయారైనవేనని కొటేషన్‌లో రాయించుకోండి, రాయితీ వాటికే వస్తుంది. బీసీ, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది, మీకు వర్తిస్తుందేమో అదే కార్యాలయంలో అడగండి. డబ్బు మాత్రం విడతలుగా ఇవ్వండి. చివరి ఇరవై వేలు నెట్ మీటరు బిగించాకే ఇస్తామని ముందే కాగితం మీద రాయించండి.