జ్వరం తగ్గాక బాబు మాటలు ఆగిపోయాయి.. వైరస్ వల్లే ఆటిజం వచ్చిందా?

ప్రశ్న: మా బాబుకి 2 ఏళ్ల 2 నెలలు. ఏడాది నిండేసరికి అమ్మ, తాత అనేవాడు. 14వ నెలలో వైరల్ ఫీవర్‌తో మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ తర్వాత ఒక్కో మాటా మానేశాడు, పేరు పెట్టి పిలిచినా తిరగడు. ఆటిజం లక్షణాలు ఉన్నాయని డాక్టర్ చెప్పారు. నా భార్యకు ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడు కూడా జ్వరం వచ్చింది. రోజూ రాత్రి కూర్చుని నెట్‌లో పరిశోధనలు చదువుతున్నాను. వైరస్ వల్ల ఆటిజం వస్తుందా? ఇద్దరికీ వైరస్ పరీక్షలు చేయించమంటారా? భయంతో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రెండో డోసు కూడా ఆపేశాం. - ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు మీ ఆవిడకి ఈ ఒక్క మాట చెప్పండి. ఐదో నెలలో జ్వరం రావడం ఆవిడ తప్పు కాదు, దానివల్లే బాబు ఇలా అయ్యాడని చెప్పడానికి ఆధారం కూడా లేదు. ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటుంటే వాళ్లకీ ఇది చదివి వినిపించండి.

మీరు వెతుకుతున్నది అర్థంలేని విషయం కాదు, యాభై ఏళ్లుగా డాక్టర్లు దీని వెంట పడుతూనే ఉన్నారు. 1964లో అమెరికాలో రుబెల్లా అనే వైరస్ జబ్బు పెద్ద ఎత్తున వ్యాపించింది. కడుపులో ఉండగానే ఆ వైరస్ సోకిన 243 మంది పిల్లల్ని న్యూయార్క్‌లో స్టెల్లా చెస్ అనే సైకియాట్రిస్టు పరీక్షించి, వాళ్లలో 18 మందిలో ఆటిజం లక్షణాలు ఉన్నాయని 1971లో రాశారు. ఆటిజం చాలా అరుదు అనుకునే రోజులవి, కాబట్టి అది చిన్న సంఖ్య కాదు. కానీ అలాంటి పిల్లల్లో చాలామందికి వినికిడి లోపమో, కంట్లో శుక్లమో, గుండెలో లోపమో కూడా ఉంటుంది. అంటే వైరస్ నేరుగా బిడ్డ ఒంట్లోకే వెళ్లిన కేసులు అవి. సైటోమెగలో వైరస్ అనే మరో వైరస్ కూడా కడుపులోని బిడ్డకు అలా చేయగలదు.

మామూలు జ్వరం సంగతి వేరు. మీరు చదివిన వాటిలో నార్వే పరిశోధన ఉండే ఉంటుంది, 2018లో వచ్చింది, దాదాపు 95 వేల మంది పిల్లల మీద చేశారు. నాలుగు నుంచి ఆరో నెల మధ్య తల్లికి జ్వరం వస్తే బిడ్డకు ఆటిజం వచ్చే అవకాశం 40 శాతం ఎక్కువ అని అందులో ఉంది. 40 శాతం అనగానే గుండె జారిపోతుంది, నాకు తెలుసు. లెక్క మాత్రం ఇలా చూడండి, వందలో ఒకరికి వచ్చేది ఒకటిన్నర కన్నా తక్కువ మందికి వస్తుందని దాని అర్థం, మిగతా 98 మందికి పైగా తల్లులకు జ్వరం వచ్చినా పిల్లలకు ఆటిజం రాదు. పైగా 2022లో స్వీడన్‌లో సుమారు ఐదున్నర లక్షల మంది పిల్లల వివరాలు చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. గర్భానికి ముందు ఏడాదిలో ఇన్ఫెక్షన్ వచ్చిన తల్లుల పిల్లల్లోనూ ఆటిజం అదే స్థాయిలో కొంచెం ఎక్కువగా కనిపించింది. అప్పటికి బిడ్డ కడుపులోనే లేడు కదా! ఒకే తల్లి పిల్లల్ని, ఒక కాన్పులో ఇన్ఫెక్షన్ వచ్చి మరో కాన్పులో రాని వాళ్లను, పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా కూడా పోయింది. అందుకే ఇన్ఫెక్షన్ కంటే ఆ కుటుంబంలో ముందునుంచే ఉన్న జన్యువుల లాంటి కారణాలే ఎక్కువ అని నేను నమ్ముతున్నాను. ఆటిజంలో జన్యువుల పాత్ర 80 శాతం దాకా ఉంటుందని ఐదు దేశాల్లో కలిపి చేసిన పరిశోధన 2019లో తేల్చింది కూడా.

ఇక 14వ నెల జ్వరం. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు వచ్చిన మాటలు పోగొట్టుకునేది సరిగ్గా ఏడాదికీ రెండేళ్లకీ మధ్యే, మామూలు పిల్లలకు కూడా మాటిమాటికీ జ్వరాలు వచ్చే వయసూ అదే. రెండూ ఒకే సమయంలో జరిగితే ఒకదాని వల్ల ఇంకోటి వచ్చిందనిపించడం సహజం. మీ ఫోన్‌లో బాబు మొదటి పుట్టినరోజు వీడియో ఉంటే ఇవాళే తీసి చూడండి. పిలిస్తే తిరిగాడా, కేకు వైపో బుడగల వైపో వేలు పెట్టి చూపించాడా, చూపించి మీ మొహంలోకి చూశాడా? 1994లో అమెరికాలో ఇలాంటి పుట్టినరోజు వీడియోలే చూసి, ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందిలో అప్పటికే తేడా ఉందని గుర్తించారు. నేనూ తల్లిదండ్రుల్ని ఆ వీడియోలు తెమ్మంటాను, చాలాసార్లు జ్వరానికి ముందే చిన్న చిన్న సూచనలు కనిపిస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఆ మూడు రోజుల్లో బాబుకి ఫిట్స్ వచ్చాయా, స్పృహ లేకుండా పడి ఉన్నాడా, తర్వాత నడక తడబడిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది మెదడువాపు కావచ్చు, హెర్పిస్ లాంటి వైరస్‌లతో మెదడువాపు వచ్చి మాటలు పోయిన పిల్లలు ఉన్నారు. డిశ్చార్జి కాగితాలు తీసుకుని పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి వెంటనే వెళ్లండి, నిద్రలో తీసే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) అవసరమవుతుంది. జ్వరం తగ్గగానే లేచి ఆడుకుని ఉంటే ఈ టెన్షన్ పెట్టుకోకండి.

వైరస్ పరీక్షల మీద డబ్బు పోయొద్దు. మన దేశంలో పెద్దవాళ్లలో ఎక్కువమందికి సైటోమెగలో వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది, టార్చ్ టెస్టులో (ఇలాంటి ఇన్ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్ష) ఐజీజీ అనే యాంటీబాడీ పాజిటివ్ అని వస్తే ఆ పాత సంగతే చెబుతుంది తప్ప గర్భంలో ఏం జరిగిందో చెప్పదు. బిడ్డకు పుట్టుకతోనే ఆ వైరస్ ఉందా అని తేల్చాలంటే పుట్టిన మూడు వారాల లోపే పరీక్షించాలి, ఇప్పుడు చేస్తే ఏదీ తేలదు. యాంటీవైరల్ మందులు, డిటాక్స్ అని ఎవరైనా చెబితే వినకండి. స్టెమ్ సెల్ చికిత్స ఆటిజానికి సిఫార్సు చేయదగింది కాదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది, లక్షలు తగలేసుకుని వచ్చిన వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చేయించాల్సింది బేరా అనే వినికిడి పరీక్ష. పిలిస్తే తిరగని పిల్లాడికి చెవులు బాగున్నాయో లేదో ముందు తెలియాలి. శబ్దం వస్తే చూస్తున్నాడు కదా అని వదిలేయొద్దు. రిపోర్టు కోసం ఆగకుండా స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మొదలుపెట్టండి. ప్రభుత్వ ఆస్పత్రికి అనుబంధంగా ఉండే డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల లోపాలకు జిల్లా కేంద్రం) అడగండి, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థలో కూడా పూర్తి అంచనా వేస్తారు. రాత్రి నెట్ ముందు గడిపే ఆ గంటని సాయంత్రానికి మార్చి బాబుతో నేల మీద కూర్చోండి. బంతి కావాలంటే వెంటనే ఇచ్చేయకుండా మీ మొహం దగ్గర పట్టుకుని, వాడు చూసిన క్షణంలో "బంతి" అని ఇవ్వండి. రోజూ, విసుగు లేకుండా.

ఆపేసిన టీకా మాత్రం ఈ వారమే వేయించండి. టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని, దాన్ని అచ్చేసిన వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, డెన్మార్క్‌లో 6 లక్షల 57 వేల మంది పిల్లల్ని చూసి అలాంటి సంబంధం లేదని 2019లో తేల్చారు. వైరస్ మెదడును పాడుచేస్తుందని భయపడుతున్నారు కదా, తట్టు సరిగ్గా ఆ పనే చేయగల వైరస్, కొందరు పిల్లల్లో తగ్గిన ఏళ్ల తర్వాత కూడా మెదడును దెబ్బతీస్తుంది. 24 నెలలు దాటినా ఐదేళ్ల లోపు ఆ డోసు వేస్తారు, కార్డు తీసుకుని మీ ఏఎన్ఎం దగ్గరికి వెళ్లండి.