మాస్టారూ, ఒక సందేహం

ప్రశ్న: పాత బ్రిటన్ మీద ‘ఇలా జరిగుంటే’ అనే కథ రాస్తున్నాను. అందులో వెల్ష్ రాజు కాడ్వాలన్ 634లో చనిపోడు. ఇంగ్లిషు వాళ్లందర్నీ సముద్రంలోకి తరిమేస్తాడు. నమ్మేలా ఉంటుందా మాస్టారూ?
– డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: బొబ్బిలి అమ్మాయివి, నన్ను అడగాలా తల్లీ! మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర ఆ యుద్ధం మాటెత్తితే ఇప్పటికీ చేతిలో టీ చల్లారిపోతుంది. 1757లో మీ కోట మీదికి మా విజయరామరాజు ఒక్కడే రాలేదు, ఫ్రెంచి బుస్సీ ఫిరంగుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గెలిచాడు. మూడో రాత్రికే డేరాలో తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు.

కాడ్వాలన్‌దీ ఇంచుమించు ఇదే కథ. ఆయనది ఉత్తర వేల్స్‌లోని గ్వినెడ్. 633లో హాట్‌ఫీల్డ్ దగ్గర ఉత్తరాది ఇంగ్లిషు రాజ్యం నార్తంబ్రియా రాజు ఎడ్విన్‌ని చంపినప్పుడు పక్కనున్నది మెర్సియా అనే మధ్య ఇంగ్లండ్ రాజ్యం వాడు పెండా. పెండా ఇంగ్లిషు వాడే! పైగా కాడ్వాలన్ క్రైస్తవుడు, పెండా పాత దేవుళ్లను కొలిచేవాడు. అందర్నీ సముద్రంలోకి తరిమేస్తే మరి పెండాని ఏం చేస్తావు?

ఏడాది తిరిగేసరికి హెవెన్‌ఫీల్డ్‌లో నార్తంబ్రియా రాజవంశం వాడు ఆస్వాల్డ్ చిన్న సైన్యంతో వచ్చి కాడ్వాలన్‌ని ఓడించి చంపాడు. యుద్ధానికి ముందు గుంటలో కర్ర శిలువని తనే రెండు చేతులా పట్టుకుంటే, సైనికులు చుట్టూ మట్టి కూరారట. సినిమా సీనులా ఉంటుంది, రాసుకో. మలుపు మాత్రం అక్కడ పెట్టకు.

అంతకుముందు, ఎడ్విన్ పోయాక నార్తంబ్రియా ఉత్తర భాగానికి రాజైన ఆస్వాల్డ్ అన్న ఎయన్‌ఫ్రిత్ పన్నెండు మంది సైనికులతో సంధి అడగడానికి వచ్చాడు. కాడ్వాలన్ అతన్ని చంపేశాడు. ఆ తరవాతే ఆస్వాల్డ్ దిగాడు. ఆ ఏడాది ఎంత చేదంటే, తరవాతి వాళ్లు రాజుల పట్టీలోంచి దాన్నే కొట్టేసి ఆస్వాల్డ్ ఖాతాలో కలిపేశారు. నీ కథలో ఆ పన్నెండు మందిని కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించు. సంధి కుదిరితే ఎయన్‌ఫ్రిత్ గ్వినెడ్‌కి కప్పం కట్టుకుంటూ ఉత్తరాన ఉండిపోతాడు. ఇంగ్లిషు మాట ఎక్కడికీ పోదు. అప్పటికే అక్కడ తరాలుగా దున్నుకుంటున్న రైతుల నోట్లో ఉన్న మాట అది.

ఒక్క చిక్కుంది. ఇదంతా రాసిపెట్టింది బీడ్ అనే సన్యాసి, 731లో పుస్తకం ముగించాడు. ఆయనున్న జారో మఠానికి భూమి ఇచ్చింది ఆస్వాల్డ్ తమ్ముడి కొడుకు. ఆస్వాల్డ్ రాజే కాకపోతే ఆ మఠం ఎక్కడిది? ఆ పన్నెండు మంది సంగతి నీకు చెప్పేదెవరు? అదెలా సర్దుతావో చూడాలని ఉంది, రాశాక పంపించు.